చెయ్యని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు?

1955 డిసెంబరు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ నగరం. అక్కడి పార్కుల విభాగంలో పనిచేసే ఒక యువకుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు, వచ్చి చూస్తే భార్య హత్యకు గురై ఉంది. అంత్యక్రియలయ్యాక విచారణకి రమ్మన్నారు. అక్కడ కూర్చుని ఉన్నది స్థానిక పోలీసు కాదు, చికాగో నుంచి ప్రత్యేకంగా పిలిపించిన పాలీగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టుకుంటుందనే యంత్రం) నిపుణుడు జాన్ రీడ్. గంటల తరబడి సాగిన ఆ విచారణ చివర్లో యువకుడు హత్య తనే చేశానని ఒప్పుకున్నాడు. మర్నాడే, లేదు నేను చెయ్యలేదు అన్నాడు. ఎవరు వింటారు? జీవిత ఖైదు పడింది. రీడ్ పేరు మారుమోగింది, ఆయన విచారణ పద్ధతి 'రీడ్ టెక్నిక్' అనే పేరుతో తర్వాతి దశాబ్దాల్లో అమెరికా పోలీసులకు పాఠ్యాంశం అయిపోయింది.

హత్య చేసింది ఆ యువకుడు కాదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

కొడితే ఎవరైనా ఒప్పుకుంటారు, అది అందరికీ తెలిసిందే, దాన్ని అర్థం చేసుకోడానికి సైకాలజీ అక్కర్లేదు. అసలు చిక్కు ఏంటంటే, ఒంటి మీద చెయ్యి పడకపోయినా, ఎదుటివాడు మర్యాదగానే మాట్లాడుతున్నా, ఒప్పుకుంటే జైలని తెలిసి కూడా కొందరు ఒప్పుకుంటున్నారు. ఇంకొందరైతే ఒప్పుకోవడమే కాదు, కాసేపు నిజంగానే 'నేనే చేశానేమో' అని నమ్ముతున్నారు కూడా. దీని మీద నలభై ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. చదివిన కొద్దీ నాకు అనిపించింది ఒకటే: మనం ఒప్పుకున్న మనిషి స్వభావం గురించి ఆలోచిస్తాం గానీ, ఆలోచించాల్సింది ముందు ఆ గది గురించి.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం

వార్తల్లో 'నిందితుడు నేరం అంగీకరించాడు' అని ఒక్క ముక్కలో వస్తుంది. ఆ ముక్క వెనక రెండు మూడు వేరువేరు విషయాలు ఉండొచ్చు. 'ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను' అనడం ఒక అంగీకారమే, కానీ అది నేరం ఒప్పుకోవడం కాదు. 'నేనే చేశాను, ఇలా చేశాను' అనడం ఒప్పుకోలు. ఇక కోర్టులో నిలబడి నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకి బేరం కుదుర్చుకోవడం ఇంకో రకం, అమెరికాలో ఇది చాలా ఎక్కువ, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ మాట్లాడుకునేది మధ్యలోది, అంటే విచారణ గదిలో పుట్టే ఒప్పుకోలు.

ఈ ఒప్పుకోలు అబద్ధమని తేలడం ఎలా? డీఎన్‌ఏ ఇంకొకరిదని తేలాలి, లేదా అసలు హంతకుడు దొరకాలి, లేదా ఆ సమయానికి ఇతను వేరే ఊళ్ళో ఉన్నాడని రుజువవ్వాలి, లేదా చంపేశానని చెప్పిన మనిషి బతికి తిరిగి రావాలి. ఇంత గట్టి రుజువు దొరికే కేసులు కొన్నే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అంకెల గొడవలో పనికొస్తుంది.

1985లో సాల్ కాసిన్, లారెన్స్ రైట్స్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తప్పుడు ఒప్పుకోళ్ళను మూడు రకాలుగా విడదీశారు. ఎవరూ అడక్కుండానే తనంతట తాను వచ్చి ఒప్పుకునేది మొదటిది. ఒత్తిడి తట్టుకోలేక, చెయ్యలేదని తెలిసీ ఒప్పుకునేది రెండోది. చేశానేమో అని తానే నమ్మేసి ఒప్పుకునేది మూడోది. ఇప్పటికీ అందరూ దాదాపు ఇదే విభజనతో మొదలుపెడతారు.

మొదటి రకం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 1932లో విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డ అపహరణకి గురైనప్పుడు సుమారు 200 మంది 'నేనే చేశాను' అంటూ ముందుకొచ్చారు. పేరు కోసం కొందరు, మానసిక అనారోగ్యంతో కొందరు, ఏదో పాత తప్పుకి తమని తాము శిక్షించుకోవాలని కొందరు ఇలా చేస్తారు. కొడుకునో తమ్ముడినో కాపాడ్డానికి నేరం నెత్తిన వేసుకునేవాళ్ళూ ఈ జాబితాలోకే వస్తారు, వాళ్ళ విషయంలో కారణం అందరికీ అర్థమవుతుంది.

తొమ్మిదో గంటలో లెక్క మారిపోతుంది

రెండో రకాన్ని ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. ఒక గోదాము తగలబడింది. రాత్రి డ్యూటీలో ఉన్న రాజు అనే మనిషిని విచారణకి పిలిచారు. రాజు ఏమీ చెయ్యలేదు.

మొదటి గంటలో రాజుకి టెన్షన్ ఉన్నా ధైర్యంగానే ఉన్నాడు. నిజం చెప్తే సరిపోతుందనుకున్నాడు. 'నేను చెయ్యలేదు' అన్నాడు. నాలుగో గంటకి విచారణ అధికారి ప్రశ్నలు అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టాడు: నువ్వే చేశావు, మాకు తెలుసు, కెమెరాలో కనిపించావు. (కెమెరా లేదు.) రాజు కాదన్న ప్రతిసారీ మధ్యలోనే ఆపేస్తున్నాడు. తొమ్మిదో గంటకి గొంతు మారింది: చూడు, నువ్వు కావాలని తగలబెట్టే మనిషివి కాదు, సిగరెట్ పడేసి ఉంటావు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అది చెప్పేస్తే అయిపోయేదానికి ఎందుకింత లాగుతావు, కాదంటే మాత్రం ఇది కావాలని చేసినట్టే రాసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు రాజు బుర్రలో ఏ లెక్క నడుస్తోందో చూడండి. అతని ముందు 'నిజం' లేదు, దాన్ని తొమ్మిది గంటలుగా ఎవరూ తీసుకోలేదు. ఉన్నవి రెండే: పొరపాటున జరిగిందని ఒప్పుకుని ఈ రాత్రి బయటపడటం, లేదా పెద్ద కేసులో ఇరుక్కోవడం. ఒప్పుకున్నాక వచ్చే శిక్ష ఎప్పుడో, ఎక్కడో, వస్తుందో రాదో. ఈ గది, ఈ కుర్చీ, ఈ నిద్ర మాత్రం ఇప్పుడే ఉన్నాయి. 'ముందిక్కడ్నించి బయటపడదాం, తర్వాత లాయరుతో, కోర్టులో అసలు విషయం చెప్పుకోవచ్చు, గోదాము తగలబెట్టింది నేను కాదని ఎలాగూ తేలుతుంది కదా' అనుకుంటాడు. బయటి నుంచి చూస్తే ఇది పిచ్చితనం. లోపల కూర్చుంటే మాత్రం, ఉన్న రెండు దారుల్లో తక్కువ నష్టం ఉన్నది.

రీడ్ పద్ధతిలో ఉన్నవి కూడా ఈ రెండు పనిముట్లే. ఒకటి, దారులన్నీ మూసేసినట్టు చూపించి భయపెట్టడం. రెండోది నేరాన్ని చిన్నదిగా, క్షమించదగ్గదిగా చేసి చూపించడం. ఆ రెండో దాంట్లో 'వదిలేస్తాం' అని ఎవరూ నోరు తెరిచి అనరు, అంటే కోర్టులో చెల్లదు. కానీ 'పొరపాటే కదా' అన్న మాటని వినేవాడు 'పెద్ద శిక్ష ఉండదన్నమాట' అని అర్థం చేసుకుంటాడు. ప్రయోగాల్లో ఇది మళ్ళీ మళ్ళీ తేలింది.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. 2016లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, చెయ్యని తప్పుని చేశామని సంతకం పెట్టమంటే, రాత్రి నిద్రపోయినవాళ్ళలో 18 శాతం మంది పెట్టారు, రాత్రంతా మేలుకున్నవాళ్ళలో 50 శాతం మంది. అది ఒక్క రాత్రి ప్రభావం. 2004లో స్టీవెన్ డ్రిజిన్, రిచర్డ్ లియో అనే ఇద్దరు, అబద్ధమని రుజువైన 125 ఒప్పుకోళ్ళను పరిశీలించారు. వాటిలో విచారణ ఎంతసేపు జరిగిందో లెక్క దొరికిన కేసుల్లో సగటు 16 గంటలు దాటింది.

ఇదేమీ ఇవాళ్టి విషయం కాదు. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలంటూ జరిగిన విచారణల్లో 19 మందిని ఉరితీశారు. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్ళని తీయలేదు, కాదన్నవాళ్ళని తీశారు. అలాంటి చోట ఎంతమంది 'అవును, నేను మంత్రగత్తెనే' అన్నారో వేరే చెప్పాలా?

తప్పు చెయ్యకపోవడమే ప్రమాదం ఎలా అవుతుంది

ఈ విషయంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇది. నిర్దోషికి తన నిర్దోషిత్వమే కవచం అనుకుంటాం. కాసిన్, ఇంకో పరిశోధకురాలు కలిసి 2004లో ఒక ప్రయోగం చేశారు: కొందరితో ఉత్తుత్తి దొంగతనం చేయించారు, కొందరితో చేయించలేదు, తర్వాత అందరినీ 'డిటెక్టివ్' ముందు కూర్చోబెట్టి, మౌనంగా ఉండే హక్కుని వదులుకుని మాట్లాడతారా అని అడిగారు. దొంగతనం చేసినవాళ్ళలో 36 శాతం మంది సరే అన్నారు. చెయ్యనివాళ్ళలో 81 శాతం మంది. ఎందుకని అడిగితే చాలామంది చెప్పింది, దాచడానికి నా దగ్గర ఏముంది అనే.

అంటే తప్పు చేసినవాడు జాగ్రత్తపడి లాయర్ని అడుగుతాడు, చెయ్యనివాడు గదిలోకి వెళ్ళి కూర్చుంటాడు. వెళ్ళాక ఏమవుతుంది? విచారణ అధికారి ముందుగా ఇతను అబద్ధం చెప్తున్నాడా లేదా అని చూపుల్ని బట్టి, కాళ్ళు ఆడించడాన్ని బట్టి అంచనా వేస్తాడు. మనుషులు ఇలా అబద్ధాన్ని పట్టుకునే సామర్థ్యం మీద వచ్చిన వందలాది అధ్యయనాల్ని 2006లో కలిపి చూస్తే సగటు 54 శాతం దగ్గర ఆగింది. నాణెం ఎగరేస్తే 50. శిక్షణ, అనుభవం ఉన్నవాళ్ళు దీన్ని పెద్దగా దాటలేదు, ధీమా మాత్రం వాళ్ళకి ఎక్కువ. ఇంకో అధ్యయనంలో జైల్లో ఉన్నవాళ్ళ చేత ఒక నిజమైన ఒప్పుకోలు, ఒక కల్పిత ఒప్పుకోలు చెప్పించి రికార్డు చేసి, ఏది నిజమో కనుక్కోమని విద్యార్థులకీ పోలీసులకీ ఇచ్చారు. విద్యార్థులే మెరుగ్గా చెప్పారు. తామే కరెక్టన్న నమ్మకం మాత్రం పోలీసులకే ఎక్కువ.

సో, మొదటి అంచనాలోనే ఇతనే నేరస్తుడని ముద్ర పడితే, ఆ తర్వాత అతను ఎంత గట్టిగా కాదంటే అంత మొండి నేరస్తుడిలా కనిపిస్తాడు. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిర్దోషి గట్టిగానే కాదంటాడు కదా, కాబట్టి ఎక్కువ ఒత్తిడి పడేది అతని మీదే.

సొంత జ్ఞాపకం మీదే నమ్మకం పోయినప్పుడు

మూడో రకం నమ్మడానికి కష్టమైనది, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

1996లో కాసిన్, తన విద్యార్థినితో కలిసి చేసిన ప్రయోగం చాలా మామూలుగా ఉంటుంది. విద్యార్థుల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చదివి వినిపించే అక్షరాలు టైప్ చెయ్యమన్నారు. ఆల్ట్ కీ మాత్రం ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కంప్యూటర్ పాడవుతుందన్నారు. కాసేపటికి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది (అలా ఆగిపోయేట్టు ముందే ఏర్పాటు చేశారు). నువ్వు ఆ కీ నొక్కావు కదా అని అడిగారు. ఎవరూ నొక్కలేదు. మొత్తంమీద 69 శాతం మంది నొక్కానని రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. కొందరికి అక్షరాలు వేగంగా చదివారు, పక్కనున్న అమ్మాయి చేత 'నొక్కడం నేను చూశాను' అని అబద్ధం చెప్పించారు. ఆ గుంపులో అందరూ సంతకం పెట్టారు. 65 శాతం మంది బయటికొచ్చాక వేరే మనిషితో కూడా నేనే పాడుచేశానని చెప్పారు. 35 శాతం మంది ఎలా నొక్కారో వివరాలు కూడా అల్లి చెప్పారు.

కీ నొక్కడం ఎక్కడ, హత్య ఎక్కడ అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ప్రయోగాల్లో కాదు, కేసుల్లో ఉంది.

1973లో అమెరికాలోని కనెటికట్‌లో 18 ఏళ్ళ కుర్రాడు ఇంటికొచ్చి తల్లి శవాన్ని చూశాడు. సాయం కోసం ఫోన్ చేసింది అతనే. తర్వాత అతన్ని నిద్ర లేకుండా గంటల తరబడి విచారించి, పాలీగ్రాఫ్ పరీక్ష చేసి, నువ్వు ఫెయిలయ్యావని చెప్పారు. యంత్రం తప్పు చెప్పదని ఆ కుర్రాడు నమ్మాడు. నాకు గుర్తులేదు, కానీ యంత్రం చెప్తోందంటే నేనే చేసి మర్చిపోయానేమో, అనే మెట్టుకి వచ్చాడు. అక్కణ్ణుంచి ఒప్పుకోలు ఎంతో దూరం లేదు. శిక్ష పడింది, తర్వాత కొన్నేళ్ళకి కేసు కొట్టేశారు. ఆ సమయానికి అతను ఇంకో చోట ఉన్నాడని చెప్పే సాక్ష్యం ప్రాసిక్యూషన్ ఫైల్లోనే ఉందని బయటపడింది.

ఐస్‌లాండ్‌లో ఇంకా పెద్దది జరిగింది. 1974లో వేరువేరుగా ఇద్దరు మనుషులు కనపడకుండా పోయారు. శవాలు ఇప్పటికీ దొరకలేదు. అయినా ఆరుగురు యువతీ యువకులు హత్యల్లో తమకి పాత్ర ఉందని ఒప్పుకున్నారు, 1980లో శిక్షలు పడ్డాయి. వాళ్ళలో కొందరిని ఏడాది దాటి ఒంటరి గదుల్లో ఉంచారు. రోజుల తరబడి ఒంటరిగా కూర్చుని, ఎవరెవరో చెప్పిన ముక్కలు కలుపుకుంటూ, ఏది కల, ఏది జ్ఞాపకం అని తేల్చుకోలేని స్థితికి వెళ్ళారు. 2018లో ఆ దేశ సుప్రీంకోర్టు ఐదుగురిని నిర్దోషులుగా ప్రకటించింది. ఈ స్థితికి పేరు పెట్టింది కూడా ఐస్‌లాండ్ మనిషే, గిస్లీ గుద్యోన్సన్. యవ్వనంలో అక్కడే పోలీసుగా పనిచేసి తర్వాత లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యాడు. మనిషి సొంత జ్ఞాపకాన్ని నమ్మడం మానేసి, బయటివాళ్ళు చెప్పేదాని మీద ఆధారపడటాన్ని ఆయన 'మెమరీ డిస్ట్రస్ట్' అన్నాడు, మన మాటల్లో జ్ఞాపకం మీద అపనమ్మకం.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2015లో ఒక అధ్యయనం, కళాశాల విద్యార్థుల్లో 70 శాతం మందికి చెయ్యని నేరం తాలూకు తప్పుడు జ్ఞాపకం పుట్టించగలిగామని చెప్పింది, పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. తర్వాత వేరే పరిశోధకులు అవే జవాబుల్ని 'జ్ఞాపకం', 'ఒట్టి నమ్మకం' అని విడదీసి లెక్కిస్తే 30 శాతానికి మించలేదు. తక్కువేం కాదు, కానీ 70 కాదు. 'నేను చేసి ఉంటాను' అనుకోవడం, 'చేసినట్టు నాకు గుర్తుంది' అనుకోవడం ఒకటి కాదు. కోర్టు కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

'చెయ్యకపోతే వివరాలు ఎలా తెలిశాయి?'

ఎక్కువమంది ఇరుక్కునే ప్రశ్న ఇదే. నిందితుడు చెప్పిన వివరాలు హంతకుడికి తప్ప తెలియవంటారు, అక్కడితో అనుమానం తీరిపోతుంది.

మన రాజు దగ్గరికి వెళ్దాం. గోదాము వెనక ఒక నీలం డబ్బాలో కిరోసిన్ దొరికింది, ఈ సంగతి పత్రికల్లో రాలేదు. విచారణలో ఆరో గంటకి 'ఆ డబ్బా ఎక్కడ పెట్టావ్?' అని అడిగారు. డబ్బా ఒకటి ఉందని రాజుకి అప్పుడే తెలిసింది. ఎనిమిదో గంటకి టేబుల్ మీద ఫోటోలు పరిచారు, ఒకదాన్లో నీలం రంగు ఏదో కనిపించింది. పదో గంటకి 'ముందు వైపు పెట్టాను' అన్నాడు, అధికారి ముఖం చిట్లించి 'సరిగ్గా ఆలోచించు' అన్నాడు, 'అయితే వెనక' అన్నాడు రాజు. పన్నెండో గంటకి రాసిన వాంగ్మూలంలో, గోదాము వెనక నీలం డబ్బాలో కిరోసిన్ పెట్టానని శుభ్రంగా ఉంది. అధికారి కావాలని మోసం చెయ్యలేదనే అనుకుందాం, తను ఆ డబ్బా మాట ఎప్పుడు జారవిడిచాడో ఆయనకే గుర్తుండదు. ఆఖరి అరగంట మాత్రమే రికార్డు చేస్తే చూసేవాళ్ళకి కనిపించేది కన్నీళ్ళు, వివరాలు, పశ్చాత్తాపం.

బ్రాండన్ గారెట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, డీఎన్‌ఏ ద్వారా నిర్దోషులని తేలిన 40 మంది తప్పుడు ఒప్పుకోళ్ళను తీసి చూశాడు. దాదాపు అన్నింట్లోనూ బయటివాళ్ళకి తెలియని వివరాలు ఉన్నాయి. వాళ్ళు నేరం చెయ్యలేదని డీఎన్‌ఏ చెప్తోంది కాబట్టి, ఆ వివరాలు వాళ్ళకి గదిలోనే అంది ఉండాలి. దీన్నే ఒప్పుకోలు 'కలుషితం' కావడం అంటారు.

1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక మహిళపై జరిగిన అత్యాచారం కేసు మరో రకం. 14 నుంచి 16 ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురికి శిక్షపడింది, నలుగురు కెమెరా ముందు ఒప్పుకున్నారు. ఒకరి కథకి ఇంకొకరి కథ పొసగలేదు, డీఎన్‌ఏ ఎవరితోనూ కలవలేదు. అయినా ఒప్పుకోలే గెలిచింది. 2002లో జైల్లో ఉన్న మరో వ్యక్తి ఆ నేరం తానొక్కడే చేశానని చెప్పాడు, డీఎన్‌ఏ అతనిదే. 2014లో నగరం ఆ ఐదుగురికి 4.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

డీఎన్‌ఏ కలవకపోయినా ఎలా శిక్ష పడింది? ఎందుకంటే ఒప్పుకోలు వచ్చాక మిగతా సాక్ష్యం కూడా దాని వైపే ఒరుగుతుంది. ఒక ప్రయోగంలో, దొంగని చూసి ఒకరిని గుర్తుపట్టిన సాక్షులకి 'వేరే వ్యక్తి ఒప్పుకున్నాడు' అని చెప్తే 61 శాతం మంది మాట మార్చేశారు. వేలిముద్రల నిపుణులు కొందరు, తాము గతంలో చూసి తేల్చిన ముద్రల్నే, నిందితుడు ఒప్పుకున్నాడని విన్నాక వేరేలా తేల్చారు. అప్పుడు కోర్టు ముందుకి 'ఒప్పుకోలు, దానికి తోడు సాక్షి, దానికి తోడు నిపుణుడు' అని మూడు సాక్ష్యాలు వస్తాయి. నిజానికి అక్కడున్నది ఒక్కటే, మిగతా రెండూ దాని నీడలు.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది: అసలు గొడవ ఇక్కడే

పోలీసుల వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వాళ్ళనేది: ఒప్పుకోళ్ళలో అత్యధికం నిజమైనవే. సాక్షి లేని, వస్తువు దొరకని నేరాల్లో ఒప్పుకోలు తప్ప దారి లేదు. ఒత్తిడే పెట్టకూడదంటే నేరస్తులు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు, వాళ్ళ చేతిలో ఇంకొకరు బలవుతారు. తప్పుడు ఒప్పుకోళ్ళు లక్షల కేసుల్లో వేళ్ళమీద లెక్కపెట్టగలిగేవని పాల్ కాసెల్ లాంటి న్యాయవేత్తలు వాదించారు.

అవతలి వైపు వాళ్ళు చెప్పేది: అమెరికాలో డీఎన్‌ఏ ద్వారా నిర్దోషులని తేలినవాళ్ళలో నాలుగో వంతు పైగా కేసుల్లో తప్పుడు ఒప్పుకోలు ఉంది. పైగా డీఎన్‌ఏ దొరికే నేరాలు కొన్నే, మిగతావాటిలో నిజం బయటపడే అవకాశమే లేదు. రెండు మాటలూ నిజమే. మొత్తం ఎన్నో ఎవరి దగ్గరా లెక్క లేదు, ఉండే వీలూ లేదు, ఎందుకంటే పట్టుబడని తప్పుని లెక్కపెట్టలేం.

అందుకే నాకు మొత్తం ఎన్ని అనే ప్రశ్న కంటే, ఏ పద్ధతిలో ఎన్ని అనే ప్రశ్న పనికొచ్చేదిగా అనిపిస్తుంది. 2005లో మెలిస్సా రుసానో బృందం ఒక ప్రయోగం చేసింది. పరీక్షలో కొందరి చేత కాపీ కొట్టించి, కొందరి చేత కొట్టించకుండా, అందరినీ కాపీ కొట్టారని నిలదీశారు. ఏ ఎత్తుగడా వాడకుండా అడిగితే తప్పు చేసినవాళ్ళలో 46 శాతం, చెయ్యనివాళ్ళలో 6 శాతం ఒప్పుకున్నారు. తప్పుని చిన్నది చేసి చూపించి, పైగా ఒప్పుకుంటే సర్దుబాటు చేస్తామని బేరం కూడా పెడితే, చేసినవాళ్ళలో 87 శాతం, చెయ్యనివాళ్ళలో 43 శాతం ఒప్పుకున్నారు.

దీన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. గదిలోకి వందమంది దోషులు, వందమంది నిర్దోషులు వచ్చారనుకుందాం. మామూలుగా అడిగితే 46 మంది దోషులు, ఆరుగురు నిర్దోషులు, మొత్తం 52 ఒప్పుకోళ్ళు. దాదాపు తొమ్మిదింట్లో ఒకటి అబద్ధం. ఎత్తుగడలు రెండూ వాడితే 87, 43, మొత్తం 130. మూడింట్లో ఒకటి అబద్ధం. పోలీసులు చెప్పింది నిజమే, ఎత్తుగడలు పనిచేస్తాయి, దాదాపు రెట్టింపు దోషులు దొరికారు. కాకపోతే చేతిలో ఉన్న ఒక్కో ఒప్పుకోలుకి విలువ పడిపోయింది. ఇంకో మాట, గదిలోకి వచ్చేవాళ్ళలో దోషులే ఎక్కువైతే ఈ నిష్పత్తి మెరుగుపడుతుంది, నిర్దోషులే ఎక్కువైతే ఘోరంగా తయారవుతుంది. అంటే ఎవరిని గదిలోకి తీసుకెళ్ళాలో తేల్చే ఆ 54 శాతం అంచనా మీదే చాలా ఆధారపడి ఉంది. ఇది ప్రయోగశాల లెక్క, పరీక్షలో కాపీకి పడే శిక్ష హత్యకి పడే శిక్ష కాదు, కాబట్టి ఈ అంకెల్ని పోలీస్ స్టేషన్‌కి నేరుగా అతికించకూడదు. కానీ అంకెలు ఏ దిక్కుకి కదిలాయో చూస్తే చాలు.

ప్రమాదం అందరికీ సమానం కాదన్నది మాత్రం రెండు వైపులా ఒప్పుకుంటారు. పిల్లలు, మేధోవైకల్యం ఉన్నవాళ్ళు, మత్తుకి అలవాటుపడి అది దొరక్క అల్లాడుతున్నవాళ్ళు, అప్పుడే అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు త్వరగా లొంగిపోతారు. డ్రిజిన్, లియో చూసిన 125 మందిలో మూడో వంతు దాకా 18 ఏళ్ళు నిండనివాళ్ళే. మిగతావాళ్ళలో చాలామంది మామూలు మనుషులే.

ఏ దేశం ఏం చేసింది

అమెరికా సుప్రీంకోర్టు 1966లో, విచారణకి ముందు నిందితుడికి మౌనంగా ఉండే హక్కు, లాయరు హక్కు గురించి చెప్పాలంది. 1969లో ఇంకో తీర్పులో, తోటి నిందితుడు ఒప్పుకున్నాడని పోలీసు అబద్ధం చెప్పినంత మాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదంది. హక్కులు చెప్పాలి, ఆ తర్వాత సాక్ష్యం గురించి అబద్ధం చెప్పొచ్చు, ఇది అక్కడి విచిత్రం. 2021లో ఇల్లినాయ్, మైనర్ల విచారణలో ఇలా మోసం చెయ్యడాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది, అక్కడ అదే మొదటి రాష్ట్రం.

ఇంగ్లండ్ దారి వేరు. 1975లో బాంబు పేలుళ్ళ కేసుల్లో శిక్షపడ్డ 'గిల్డ్‌ఫర్డ్ ఫోర్' అనే నలుగురు 1989లో, 'బర్మింగ్‌హామ్ సిక్స్' అనే ఆరుగురు 1991లో బయటికొచ్చారు, రెండింట్లోనూ ఒప్పుకోళ్ళే కీలకం. 1984 చట్టంతోనే విచారణ రికార్డింగ్‌కి దారి వేశారు, తొంభైల మొదట్లో 'పీస్' అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఇందులో ఒప్పించడం లక్ష్యం కాదు, సమాచారం రాబట్టడం లక్ష్యం. మనిషిని ఆపకుండా మాట్లాడనిచ్చి, తర్వాత అతని మాటలకీ ఆధారాలకీ పొసగని చోట ప్రశ్నిస్తారు, అబద్ధపు ఆధారాలు చూపించరు. అలా చేస్తే దోషులు ఒప్పుకోవడం మానేస్తారని భయపడ్డారు గానీ, రెండు పద్ధతుల్నీ పోల్చిన ప్రయోగాల్లో ఈ పద్ధతి నిజమైన ఒప్పుకోళ్ళని నిలబెట్టి అబద్ధపువాటిని తగ్గించిందని తేలింది.

జపాన్‌లో అభియోగం మోపే ముందు మనిషిని 23 రోజుల దాకా నిర్బంధంలో ఉంచొచ్చు. 1966లో నాలుగు హత్యల కేసులో అరెస్టయిన మాజీ బాక్సర్ ఇవావో హకమాదా, వారాల విచారణ తర్వాత ఒప్పుకున్నాడు, కోర్టులో కాదన్నాడు, 1968లో మరణశిక్ష పడింది. 2024 సెప్టెంబరులో నిర్దోషిగా తేలేసరికి ఆయనకి 88 ఏళ్ళు.

భారతదేశ చట్టం మాత్రం మొదట్నుంచీ అనుమానంతోనే ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా చెల్లదు, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్‌లో ఉంది. పోలీసు కస్టడీలో ఉన్నవాడి ఒప్పుకోలు మేజిస్ట్రేట్ ముందు, ఒప్పుకోవాల్సిన పని లేదన్న హెచ్చరిక విన్నాక చెప్తేనే లెక్కలోకి వస్తుంది. ఒక మినహాయింపు ఉంది: నిందితుడు చెప్పిన మాట వల్ల ఆయుధం లాంటిదేదైనా కొత్తగా దొరికితే ఆ మేరకు తీసుకోవచ్చు. కోర్టుల్లో వాదన ఎక్కువగా నడిచేది దీని మీదే, ఆ వస్తువు నిజంగా అతని మాట వల్లే దొరికిందా, ముందే దొరికిందా అని. ఇక చట్టం కోర్టు గుమ్మం లోపలే పనిచేస్తుంది. 'అంగీకరించాడు' అని వార్త వచ్చాక జనం మనసులో తీర్పు అయిపోతుంది, అక్కడ ఏ సెక్షనూ లేదు.

రీడ్ పద్ధతిని దశాబ్దాలపాటు నేర్పిన ఒక పెద్ద అమెరికన్ శిక్షణ సంస్థ 2017లో ఇక నేర్పబోమని ప్రకటించింది. రీడ్ స్థాపించిన సంస్థ మాత్రం, సరిగ్గా వాడితే తమ పద్ధతిలో లోపం లేదని, తప్పులన్నీ హద్దులు దాటినవాళ్ళవేనని అంటుంది.

లింకన్ నగరపు యువకుడి సంగతి మిగిలింది. హత్య చేసింది వేరే మనిషి, తర్వాత ఇంకో హత్యలో మరణశిక్ష పడ్డవాడు. 1978లోనే తన లాయర్లకి ఈ హత్య గురించి చెప్పాడు, తను చనిపోయాక బయటపెట్టొచ్చన్నాడు. 1988లో చనిపోయాడు, అప్పుడు బయటికొచ్చింది. పార్కుల ఉద్యోగి అప్పటికే చాలా ఏళ్ళు జైల్లో గడిపి పెరోల్ మీద విడుదలై ఉన్నాడు. నెబ్రాస్కా రాష్ట్రం 2012లో క్షమాపణ చెప్పి 5 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ గదిలో కూర్చుని ఒప్పుకున్న రోజుకీ ఆ రోజుకీ మధ్య 56 ఏళ్ళు దాటాయి.